అమావాస్య నాడు చూసిన కుక్క

పశువైద్యంలో కొత్తగా చేరినవాళ్ళు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ, "మీ కాలంలో మందులా లేవు, యంత్రాలా లేవు, ఎట్లా చేశారు సార్?" అని అడుగుతారు. వాళ్ళకు నా గొప్పలు వినాలని ఉంటుంది. నాకేమో తప్పులే బాగా గుర్తున్నాయి. గొప్పగా చేసిన పని మర్నాటికే మరిచిపోతాం, తప్పు మాత్రం అన్నం తినేటప్పుడు కూడా పక్కన వచ్చి కూర్చుంటుంది.

కాబట్టి నేను ఏ సంవత్సరం ఏ మెట్టు ఎక్కానో, ఏ ఊరికి బదిలీ అయ్యానో రాయబోవడం లేదు. ఆ సంగతులు పింఛను కాగితాల్లో భద్రంగా ఉన్నాయి. ఒక ముసలి కుక్క గురించి రాస్తాను. దాన్ని నేను అన్యాయంగా చంపబోయాను. చదువుకున్నవాణ్ణి, చేతిలో మందుల సంచీ ఉన్నవాణ్ణి, పూర్తి నమ్మకంతో చంపబోయాను.

దొరస్వామి గారు

నేను చదువు ముగించి బెంగళూరులో దిగేనాటికి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. మాది హిందూపురం దగ్గర పల్లె. ఎద్దుకూ గొర్రెకూ తప్ప ఇంకో జంతువుకు వైద్యం చేస్తారంటే మా ఊళ్ళో నవ్వేవాళ్ళు. పేటలో ఒక పశువుల ఆసుపత్రిలో పని దొరికింది. ఆసుపత్రి అంటే ఒక పెంకుల కొట్టం, దాని ముందు చింతచెట్టు. చెట్టు కింద ఎప్పుడు చూసినా రెండు మూడు జట్కా గుర్రాలు, పాలు తగ్గిన ఆవొకటి. మంచి మందులన్నీ పటాలానికి పోయేవి. మిగిలినవి మాకొచ్చేవి.

మా పెద్ద డాక్టరు దొరస్వామి గారు అంతకుముందు పటాలంలో గుర్రాలకు వైద్యం చేసినవారు. ఆయనకు నాలుగు భాషలు వచ్చు. నాలుగింటిలోనూ తిట్లే ముందు వచ్చేవి. ఇప్పుడు తలుచుకుంటే ఆ తిట్లు కూడా తియ్యగానే ఉన్నాయి గానీ, అప్పుడు మాత్రం రాజీనామా రాసి జేబులో పెట్టుకుని తిరిగాను.

ఒకరోజు కుంటుతున్న జట్కా గుర్రాన్ని తెచ్చారు. నేను వంగి కాలు పట్టుకోబోయాను. "అది నడిచి వచ్చేటప్పుడు నువ్వు ఎక్కడ చూస్తా ఉంటివి?" అని అరిచారు. గుర్రాన్ని మళ్ళీ బండికి కట్టించి, సుల్తాన్‌పేట దాకా బండి వెనకాలే నన్ను నడిపించారు, ఎర్రటి ఎండలో. నలుగురూ చూసి నవ్వారు. తీరా చూస్తే కాలికి ఏమీ లేదు. బండి కుడివైపు తిరిగినప్పుడల్లా మెడకు కట్టిన తోలు పట్టెడ భుజాన్ని కొరుకుతోంది. జంతువును అది చేసే పనిలో ఉండగా చూడాలని ఆయన చెప్పదలిచారు. నేను అది గుర్రాల వరకే చెల్లే పాఠమనుకున్నాను. ఆ వయసులో నా తెలివి అంతే.

ఆయన దగ్గర నేర్చుకుని తర్వాత వదిలేసిన పద్ధతి ఇంకొకటి ఉంది. జంతువును చంపవలసి వచ్చినప్పుడు యజమానిని బయటికి పంపి తలుపు మూసేవారు. "వాడు ఏడుస్తాడు, వాణ్ణి చూసి అది బెదురుతుంది, రెంటినీ చూసి నీ చెయ్యి వణుకుతుంది" అనేవారు. వినడానికి సబబుగానే ఉంటుంది.

ఒకసారి వైట్‌ఫీల్డ్ నుంచి రైలెక్కి ఒక ముసలి దొర వచ్చాడు. రైల్వేలో గార్డుగా పనిచేసి మానుకున్నవాడు. దుప్పట్లో చుట్టి కుక్కను ఎత్తుకొచ్చాడు. దాని గొంతులో పుండు, చేసేదేమీ లేదు. నేను పద్ధతి ప్రకారం ఆయన్ని పంపించి తలుపు మూశాను. ఆ కుక్క నన్ను చూడలేదు, నా చేతిలోని సీసానూ చూడలేదు. కడదాకా తలుపునే చూసింది. నేను బయటికి వస్తే ఆయన చింతచెట్టు కింద మెడపట్టీ పట్టుకుని కూర్చుని ఉన్నాడు. తనకోసం చూసిందా అని అడిగాడు. లేదండీ, వెంటనే నిద్రపోయిందని చెప్పాను. నా ఉద్యోగంలో నేను చెప్పిన మొదటి పెద్ద అబద్ధం అది. నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

వెంకటప్ప ఇల్లు

కబ్బన్‌పేటలో అప్పుడు వీధి పొడుగునా మగ్గాలే. పొద్దున్నే పడుగు దారాలను వీధికి అడ్డంగా, నిలువుగా సాగదీసి గంజి పట్టించేవాళ్ళు. సైకిలు దిగి, వంగి, నడుచుకుంటూ పోవాలి. తడి గంజి వాసనా, ఎక్కడో వేయిస్తున్న కాఫీ గింజల వాసనా కలిసి వచ్చేవి. ఈ రోజుకూ ఎక్కడైనా గంజి వాసన తగిలితే నా చెయ్యి దానంతటది సైకిలు బ్రేకు కోసం వెతుకుతుంది.

ఆ వీధిలో వెంకటప్ప అనే నేతగాడి ఇల్లు. ఆయనకు అరవై దగ్గర పడ్డాయి. ఇంట్లో ఆయనా, భార్య నంజమ్మా. కూతురికి పెళ్ళయి బళేపేటలో కాపురం ఉంది. ఆ పిల్ల చిన్నప్పుడు పరికిణీ ఒడిలో వేసుకొచ్చిన నల్ల కుక్కపిల్లే ఈ కరియ. పద్నాలుగేళ్ళు నిండాయి. రెండు కళ్ళకూ తెల్లటి పొర కమ్మింది. చెవి పక్కన చప్పట్లు కొట్టినా తల తిప్పేది కాదు.

నేతపనివాళ్ళు అమావాస్య నాడు మగ్గంలో దిగరు. వాళ్ళకు తీరిక ఆ ఒక్క రోజే. చుట్టాన్ని చూడాలన్నా, పన్ను పీకించుకోవాలన్నా, కుక్కకు వైద్యం చేయించాలన్నా అమావాస్య రావలసిందే. అందుకని వెంకటప్ప, కుక్క ముసలిదైంది, ఒకసారి చూసిపొమ్మని, నన్ను అమావాస్య నాడు రమ్మని కబురు పెట్టాడు. నేను వెళ్ళాను.

కరియ ఇంట్లో తిరుగుతోంది. తిరగడమంటే, గోడకు మూతి కొట్టుకుని పక్కకు జరిగి, మళ్ళీ అదే గోడకు కొట్టుకోవడం. మూలకు పోయి నిలబడి, సన్నగా ఏడుపులాంటి అరుపు. నంజమ్మ దాని మూతి దగ్గర పెట్టిన రాగిముద్దను వాసన కూడా చూడలేదు.

"పొద్దున్నించీ ఇట్లే ఉండాది నాయనా," అంది నంజమ్మ. "నిలబడదు, పడుకోదు."

కీళ్ళకు నూనె రాసి, ఆకలి పుట్టే మందిచ్చి వచ్చాను. మళ్ళీ అమావాస్యకు వెళ్ళాను. అదే తిరుగుడు, అదే అరుపు, ఈసారి ముక్కు మీద గీరుకుపోయిన గాయం కూడా ఉంది. మందు కొంచెమైనా పనిచేసిందా అని అడిగాను.

"ఏమో డాక్టరప్పా, చూస్తా ఉండారు కదా," అన్నాడు వెంకటప్ప. నేను నిజంగానే చూస్తున్నాననుకున్నాను.

నాకు అనుమానమేమీ లేదు. బుద్ధి చలించింది, లోపల ఎక్కడో నొప్పి, తిండి లేదు. రెండుసార్లు చూశాను, రెండుసార్లూ ఒకటే తీరు. పుస్తకంలో చదివిన ముసలితనం కళ్ళముందు నడుస్తోంది. వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాను. దీన్ని ఇట్లా ఉంచడం జాలి కాదు, పంపించేయడమే జాలి అన్నాను. వచ్చే అమావాస్య దాకా కూడా ఆగవద్దు, బుధవారం నేనే వస్తానన్నాను.

నంజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెంకటప్ప కుక్క వంక చూశాడు. "మీరు చదివినోళ్ళు. మీకు కనపడింది మాకు కనపడదు కదా," అన్నాడు. ఆ మాట నాకప్పుడు గౌరవంగా తోచి, లోలోపల కొంచెం పొంగాను కూడా.

బుధవారం

వీధి మొదట్లోనే మగ్గాల చప్పుడు వినబడింది. వెంకటప్ప గడప దగ్గరికి వచ్చేసరికి ఆయన మగ్గం కూడా ఆడుతోంది. గుంత మగ్గం అది. నేలలో తవ్విన గుంతలో కాళ్ళు పెట్టుకుని, కింద చెక్కలు తొక్కుతూ, పైన అడ్డపోగు వేసే నాడె విసురుతూ నేస్తారు. ఒక్కొక్క దెబ్బకూ ఇంటి నేలంతా అదురుతుంది.

గుంత అంచున కరియ పడుకుని ఉంది. గడ్డాన్ని నేలకు ఆనించి, నాలుగు కాళ్ళూ చాపుకుని, హాయిగా నిద్రపోతోంది. పక్కన ఖాళీ గిన్నె, అడుగున రాగిముద్ద ఆనవాలు. నేను గడప దగ్గరే నిలబడిపోయాను. ఇది వేరే కుక్కేమో అనిపించింది.

నన్ను చూసి వెంకటప్ప నాడె పక్కన పెట్టి గుంతలోంచి లేచాడు. ఇంట్లో చప్పుడు ఆగింది. ఇంకా ఆయన పంచె దులుపుకోలేదు, కరియ తలెత్తింది. అటూ ఇటూ తిప్పి, లేచి నిలబడి, తిన్నగా వెళ్ళి గోడకు మూతి కొట్టుకుంది. సన్నగా అరవడం మొదలుపెట్టింది.

"చూడు, మగ్గం నిలిచింది, ఇది మొదలుపెట్టింది," అని నంజమ్మ విసుక్కుంది.

నేను సంచీని కింద దించాను. "అంటే ఏమిటమ్మా?"

"దానికి కన్నూ లేదు, చెవీ లేదు కదా నాయనా. నేల అదిరితే ఈయప్ప ఈడ ఉండాడని దానికి తెలుస్తాది. నిలిస్తే దిక్కు తెలీదు, వెతుక్కుంటాది. అమావాస్య వస్తే దినమంతా ఇదే గోడు."

"మిగతా రోజులు?"

"మిగతా దినాలు ఏముండాది? తింటాది, పడుకుంటాది."

"మరి ఈ సంగతి నాకెందుకు చెప్పలేదు?" అని గట్టిగానే అడిగాను. తప్పు నాదైనప్పుడు గొంతు పెరగడం నాకు మొదట్నుంచీ ఉన్న జబ్బే.

వెంకటప్ప తల వంచుకున్నాడు. "మీరు అడగలేదప్పా. లోపల ఏదో పెద్ద నొప్పి ఉండాది, అది మీకు తెలిసింది, మాకు తెలియలేదు అనుకుంటిమి. రెండు దినాలుగా మేమిద్దరం అన్నం తినలేదు."

సంచీలో క్లోరోఫాం సీసా ఉంది, దూది ఉంది. ఆయన ఒక్క నిమిషం ముందుగా నన్ను చూసి మగ్గం ఆపి ఉంటే, లేదా నేను వచ్చేసరికే మర్యాదకని మగ్గం ఆపేసి కూర్చుని ఉంటే, నేను ఆ కుక్కను చంపేసి, మంచిపని చేశానన్న తృప్తితో సైకిలెక్కి వెళ్ళేవాణ్ణి. వాళ్ళిద్దరూ నాకు దండం కూడా పెట్టేవాళ్ళు. ఆ దండం తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది.

"మళ్ళీ మగ్గంలో దిగండి పెద్దాయనా," అన్నాను. ఆయన దిగాడు. నాలుగు దెబ్బలు పడేసరికి కరియ వాసన చూసుకుంటూ, నేల తడుముకుంటూ వచ్చి గుంత అంచున కూలబడింది. నంజమ్మ నన్ను కూర్చోబెట్టి వేడివేడిగా రాగిముద్దా, ఆకుకూర వంచిన నీళ్ళతో కాచిన బస్సారూ పెట్టింది. ముగ్గురం తిన్నాం. అంత రుచిగా నేను మళ్ళీ ఎక్కడా తినలేదు.

దొరస్వామి గారికి జరిగిందంతా చెప్పాను. తిట్లకు సిద్ధపడే చెప్పాను. ఆయన తిట్టలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "గుర్రం వెనక నడిపించింది దండగే అయింది కదరా," అన్నారు. అంతకన్నా నాలుగు భాషల్లోనూ తిట్టి ఉంటే బాగుండేది.

కొత్తగా చేరినవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. మీరు చూసింది జంతువును కాదు, మీరు వెళ్ళిన రోజున ఉన్న జంతువును. మిగతా రోజులు ఎట్లా ఉంటుందో అడగండి. ఇంట్లో ఆడవాళ్ళను విడిగా అడగండి. డాక్టరు ఎదుట జనం తమ కళ్ళను నమ్మడం మానేసి మన కళ్ళను నమ్ముతారు. ఆ నమ్మకాన్ని వాడుకోవడం సులువు. దానంత ప్రమాదం మన వృత్తిలో ఇంకొకటి లేదు.

అమావాస్యలకు చేసిన ఉపాయం

తర్వాత కరియ ఏడెనిమిది నెలలు బతికింది. నేను పనిలేకపోయినా ఆ దారిన పోయేవాణ్ణి. యుద్ధం వల్ల నూలు సరిగా రాక వీధిలో కొన్ని మగ్గాలు నిలిచిపోతున్నా, వెంకటప్ప ఉన్న నూలునే పొదుపుగా సర్దుకుంటూ రోజూ కొంచెమైనా నేసేవాడు. ఇరుగుపొరుగు ఆయన్ని ఆటపట్టించేవాళ్ళు. "ఏమప్పా, చీర గిరాకీకా, కుక్కకా?" అనేవాళ్ళు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

అమావాస్యలదే చిక్కు. ఆ రోజు నేస్తే నంజమ్మ ఒప్పుకోదు. వెంకటప్ప ఒక ఉపాయం కనిపెట్టాడు. గుంతలో కూర్చుని, చేతులు కట్టుకుని, కాళ్ళతో చెక్కలు మాత్రం తొక్కేవాడు.

"అదేం పని, అమావాస్యపూట?" అని నంజమ్మ కోప్పడింది ఒకసారి, నా ముందే.

"నేను ఒక్క పోగు వేసినానా? కాళ్ళు తిమ్మిరెక్కినాయి, ఆడిస్తా ఉండా, అంతే."

నంజమ్మ మూతి తిప్పుకుని వంటింట్లోకి వెళ్ళింది గానీ, నవ్వు ఆపుకోలేకపోయిందని నాకు తెలుసు. ఆ ఇంట్లో గడిపిన ఆ మధ్యాహ్నాలు నా ఉద్యోగంలో అన్నిటికన్నా మంచివి. వైద్యమేమీ చేయలేదు, ఊరికే కూర్చున్నాను.

పనిదినం నాడు

చలికాలం మొదట్లో ఒక పొద్దున వెంకటప్ప తానే ఆసుపత్రికి వచ్చాడు. పనిదినం నాడు ఆయన ఇల్లు దాటి రావడం అదే మొదటిసారి. జుట్టు మీద నూలు పీచు అట్లాగే ఉంది.

"నిన్నంతా మగ్గం ఆడించినా డాక్టరప్పా, మొన్న కూడా. పక్కనే పడుకోబెట్టినా. అయినా దానికి నెమ్మది లేదు, మూలుగుతానే ఉండాది. నీళ్ళు కూడా దిగడం లేదు. ఇంక పట్టి పెట్టుకుంటే నా ఆశే గానీ దాని సుఖం కాదు. మీరు రండి."

వెళ్ళి చూశాను. ఈసారి తొందరపడలేదు. కడుపు తడిమాను, చిగుళ్ళు చూశాను, నంజమ్మను విడిగా అడిగాను. మూత్రపిండాలు పూర్తిగా పోయాయి. ఆ మాటే చెప్పాను. వాళ్ళకు ముందే తెలుసు.

ఆ గార్డు దొర తర్వాత నేను ఎవరినీ బయటికి పంపలేదు. "తల మీ ఒళ్ళో పెట్టుకుని కూర్చోండి పెద్దాయనా, నేను మెల్లగా చేస్తాను," అన్నాను.

వెంకటప్ప కుక్కనూ మగ్గాన్నీ మార్చి మార్చి చూశాడు. "నేను దాన్ని పట్టుకుంటే మగ్గం ఎవరు ఆడిస్తారు? నేల అదరకుంటే నేను లేననుకుంటాది."

నంజమ్మకు రాట్నం తిప్పడమే వచ్చు, నేత రాదు. ఆమె వంగి కరియ చెవుల వెనక నిమిరింది, వేలు పాలలో ముంచి దాని నాలుకకు తాకించింది. "నేను చూడలేనప్పా," అని పెరట్లోకి వెళ్ళిపోయింది.

వెంకటప్ప కుక్క పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దాని నుదుటికి తన నుదురు ఆనించాడు. "పడుకోరా. నేను ఈడే ఉండా," అన్నాడు, దానికి వినబడదని తెలిసీ. తర్వాత గుంతలో దిగి నాడె అందుకున్నాడు.

దెబ్బ పడింది. కరియ గడ్డం నేలకు ఆనించింది. నేను దాని తల పక్కన కూర్చుని ముందు మత్తు సూది వేశాను. అది ఉలిక్కిపడలేదు. నా అరచేయి నేల మీద పెట్టి చూశాను, దెబ్బదెబ్బకూ అదురు తెలుస్తోంది. మూలుగు తగ్గింది, కాళ్ళు సడలాయి. బాగా మత్తు ఎక్కాక తలను ఒళ్ళోకి తీసుకుని దూది దగ్గరికి తెచ్చాను. మగ్గం చప్పుడులో గుండె వినడం కుదరలేదు. ఆపమని అడగలేను కదా. తొడ లోపలివైపు వేళ్ళు పెట్టి నాడి చూస్తూ కూర్చున్నాను. అది చిన్నదై, దూరమై, ఇంక దొరకలేదు.

తలెత్తాను. వెంకటప్ప నా వైపు చూడటం లేదు. బట్ట వైపే చూస్తున్నాడు.

"అయిపోయింది పెద్దాయనా."

తల ఊపాడు. కాళ్ళు ఆడుతూనే ఉన్నాయి.

"ఇంక నిలపొచ్చు," అన్నాను.

"నిలపలేను డాక్టరప్పా. నిలిపితే పెరట్లో నంజమ్మకు తెలిసిపోతాది. ఇంకొంచెంసేపు ఆయమ్మకు కరియ ఉండనీ."

ఆయన నేస్తూనే ఉన్నాడు. నేను కరియ తలను ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను. ఎర్ర అంచు చీర అది, ఒక జానెడు నేసి ఉంటాడు. పెరటి గుమ్మంలో నంజమ్మ వచ్చి నిలబడింది. ఆమె కుక్కను చూడలేదు, మొగుణ్ణి చూసింది.

"ఎప్పుడో తెలిసె నాకు," అంది. "మధ్యలో ఒక దెబ్బ తప్పింది నీకు. నలభై ఏండ్లుగా వింటా ఉండా. ఇంక చాలు, కాళ్ళు నిలుపు."

మగ్గం ఆగింది. ఆమె వచ్చి కింద కూర్చుని, కరియ తలను నా ఒళ్ళోంచి తన ఒళ్ళోకి తీసుకుంది. వెంకటప్ప గుంతలోంచి లేవలేదు. అక్కడే, అప్పుడే నేసిన బట్ట మీద తల పెట్టుకుని ఏడ్చాడు.